శాంతి వస్తే మా గతేంటండీ?

యుద్ధమంత మంచి వ్యాపారం ఈ భూమ్మీద మరొకటి లేదు! కోపం తెచ్చుకోకండి. ధవళేశ్వరం పిల్లలకి ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరికే అనను.

మీరు పొలానికి మోటారు అమ్మారనుకోండి. ఆర్నెల్లకి కాలిపోయిందంటూ కొన్నవాడు మీ గుమ్మంలో కూర్చుంటాడు. మిసైలు అలా కాదండీ! ఒక్కసారి వాడితే సరి. కొన్నవాడు రిపేరుకి తీసుకురాడు. తగిలినవాడు కంప్లైంటు ఇవ్వడు. ఇంతకన్నా మంచి సరుకు ఇంకేముంది చెప్పండి?

పైగా పెద్ద దేశాల దయాగుణం చూడండి. గల్ఫులో రెండు దేశాలు కొట్టుకుంటుంటే, ఒకరు ఈ పక్షానికీ ఇంకొకరు ఆ పక్షానికీ ఆయుధాలు సాయం చేశారు. గోడౌన్లలో మూలుగుతున్న పాతవన్నీ దానం! ఖాళీ అయిన గోడౌన్లు నింపడానికి కొత్త ఆర్డర్లు! మన వీధిలో మొగుడూ పెళ్లాం కొట్టుకుంటుంటే ఎవరైనా అట్లకాడ అందించారా? మనకంత పెద్ద మనసేది?

నేను మాత్రం అందించాను. ఆ మిసైళ్లకి విడిభాగాలు చేసే కంపెనీ షేర్లు కొన్నాను. అప్పట్నుంచి టీవీలో బాంబు పడితే మా ఇంట్లో పెసరట్టులో ఉప్మా పడేది. శాంతి చర్చలన్న మాట వింటే మాత్రం గుండె దడ!

ఇబ్బందల్లా శుక్రవారం ప్రార్థన కూటంతోనే. మా వీధిలో తాపీపని చేసే యెహెజ్కేలు భార్య బేబి, ఆ గల్ఫులోనే ఒకరింట్లో వంట చేస్తోంది. సైరన్ మోగగానే యజమానులు సెల్లారులోకి దిగుతారట. ఈమె పొయ్యి ఆర్పి వెళ్లేసరికి తలుపు వేసేస్తారట. అప్పటికి ఐదు రోజులుగా ఫోన్ లేదు.

"యుద్ధం ఆగాలని ప్రార్థన చెయ్యండి రాజరత్నం మేష్టారూ," అన్నాడు యెహెజ్కేలు కూటంలో.

చేశాను. పైకి ఆగాలని, లోపల కంపెనీ మార్చి లెక్కలు తేలేదాకా సాగాలని. ఏది వినాలో దేవుడికే వదిలేశాను!

ఆయన పైది విన్నాడు. సోమవారం పొద్దున్నే కాల్పుల విరమణ! నా షేర్లు నిలువునా కూలిపోయాయి. వరండాలో ఫోన్ పట్టుకుని భోరుమన్నాను. మా ఆవిడ సంపూర్ణమ్మ "మంచి పనైంది" అనేసి లోపలికి పోయింది.

అంతలో యెహెజ్కేలు కాజాల పొట్లంతో పరిగెత్తుకొచ్చాడు.

"బేబి ఫోన్ చేసిందండీ! బాగానే ఉందంటండీ!" అంటూనే నా మొహం చూసి ఆగిపోయాడు. నా చేతులు రెండూ పట్టుకున్నాడు. "మా చుట్టాలే ఒక్కరూ ఏడవలేదండీ. మా బేబి కోసం మీరు ఏడుస్తున్నారా మేష్టారూ!" అని తనూ ఏడుస్తూ, కాజా తీసి నా నోట్లో పెట్టాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోట్లో కాజా ఉన్నవాడు నిజం ఎలా చెబుతాడండీ?

నా కన్నీళ్ల గురించి ఈ శుక్రవారం కూటంలో సాక్ష్యం చెబుతాడట. అటు టీవీలో, ఆయుధాలిచ్చిన పెద్దలు కూడా శాంతి వచ్చిందని కళ్లు తుడుచుకుంటున్నారు. ఎందుకో నన్నడగండి!