నడిచే క్యూ

తెక్లా సంచిలో పెట్టిన చలికోటును అంపారో మూడోసారి బయటికి తీసింది. పదిహేను రోజులకు వెళ్లే మనిషికి కోటెందుకు? అక్టోబరు వచ్చినా స్పెయిన్ దక్షిణ తీరాన కాదిస్‌లో జనం ఇంకా సముద్రంలో మునుగుతూనే ఉన్నారు. ఉత్తరాన సరగోసాలో చలి ముందే వస్తుందని తెక్లా అంటే, ఆ చలి వచ్చేలోగా నువ్వే ఇంటికి వస్తావు కదా అని అంపారో అడిగింది. తెక్లా కోటును మళ్లీ మడిచి అడుగున పెట్టింది. ఆ మడిచిన తీరే అంపారోకు నచ్చలేదు. నాలుగు రోజుల కోసం ఎవరూ బట్టలు అంత పొందికగా మడవరు.

అంపారోకు డెబ్భై నాలుగు, చెల్లెలు తెక్లాకు అరవై తొమ్మిది. మొగుళ్లిద్దరూ పోయాక వీన్యా పేటలో ఒకే వంటింట్లో పదకొండేళ్లుగా పోట్లాడుకుంటూ బతుకుతున్నారు. తెక్లా కూతురు సరగోసాలో నెలలు నిండి ఉంది. పురిటికి తల్లి వెళ్లడం న్యాయమే. అంపారో పేచీ అంతా పదిహేను రోజులన్న మాటతోనే. వాళ్ల నాన్న 1949లో మొరాకో వైపు చేపల వేటకు వెళ్తూ ఎనిమిది రోజులన్నాడు. తమ్ముడు హినేస్ 1963లో జర్మనీలో కార్ల ఫ్యాక్టరీకి వెళ్తూ ఒక్క ఏడాది అన్నాడు. ఈ ఊరు వదిలిన ప్రతివాడూ ఏదో ఒక గడువు చెప్పే వదిలాడు. గడువు దాటినందుకు ఒక్కడూ సంజాయిషీ రాయలేదు.

రైలు సాయంత్రం అయిదున్నరకు. అంతవరకూ చెల్లెల్ని ఊరంతా నడిపించి, దానికి ఇష్టమైనవన్నీ చోటు చోటునా తినిపించాలని అంపారో నిశ్చయించుకుంది. సముద్రం లేని సరగోసాలో కూచుని అది ఆ రుచులకు మొహం వాచిపోవాలి. పదహారో రోజున పరుగెత్తుకు రావాలి.

మొదటి మజిలీ మార్కెట్ పక్కన చుర్రో దుకాణం. మరుగుతున్న నూనెలో పిండి చుట్టలు వేగుతున్నాయి. ముందు పదీ పదకొండు మంది అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఈ ఊళ్లో క్యూ అంటే ఒకరి వెనక ఒకరు నిలబడటం కాదు. వచ్చినవాళ్లు చివరివాళ్లెవరని అడుగుతారు, చెయ్యెత్తినవాడి మొహం గుర్తుపెట్టుకుంటారు, తర్వాత ఎక్కడైనా కూచోవచ్చు. అంపారో అలాగే అడిగింది.

గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి మనిషి తప్పు చేసినవాడిలా చెయ్యెత్తాడు. హాలెండు నుంచి వచ్చినవాడు, స్పానిష్ కొద్దిగా వచ్చు.

"నేనే చివర వచ్చాను. క్షమించండి."

"ఫరవాలేదు నాయనా. నీ వెనక మేము."

అక్కాచెల్లెళ్లు బెంచీ మీద కూచున్నారో లేదో క్యూ లేచి నడవడం మొదలుపెట్టింది. దుకాణంలోకి కాదు, దుకాణం దాటి.

"అక్కా, వాళ్లు వెళ్లిపోతున్నారే."

"వెళ్లనీ. ఆ టోపీ ఎక్కడికి పోతే మనమూ అక్కడికే. అడిగి తీసుకున్న వంతు వదిలే వంశం కాదు మనది."

ముందు నడుస్తున్నది ఆకుపచ్చ గొడుగు ఎత్తిపట్టుకున్న నొయేలియా అనే పిల్ల. వయ్యాదొలీద్ నుంచి వచ్చి, పరాయి ఊళ్లవాళ్లకు కాదిస్ చూపించి, చోటుకొకటి తినిపించే ఉద్యోగం చేస్తోంది. ఆ పూట ఆమె కాగితంలో పదముగ్గురి పేర్లున్నాయి. లెక్కపెడితే పదముగ్గురే తేలారు. తెక్లా చేతిలో సంచి చూసి, పాపం స్టేషన్ నుంచి తిన్నగా వచ్చినట్టున్నారనుకుని ఇద్దరి జాకెట్లకూ చెరో గుండ్రటి కాగితం అంటించింది. అంపారో మండిపడింది. నోటితో అడిగితే తేలిపోయే వంతుకు కూడా మున్సిపాలిటీ కాగితాలు పెట్టిందన్నమాట.

రెండో వీధిలో అందరి చేతుల్లో తలా ఒక రొయ్యల వడ పెట్టారు. అంపారో అడిగింది చుర్రోలు. అయినా వంతులో వచ్చినదాన్ని కాదనకూడదు గనక కొరికింది. నొయేలియా ఆమె దగ్గరికి వచ్చి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి, ఇది చాలా చిన్న రొయ్య అని చెప్పింది.

"అమ్మాయ్, మీ అమ్మ పుట్టకముందు నుంచీ ఇవి వేయిస్తున్నాను. నూనె కాగకముందే వేశారు. పీల్చేసింది చూడు."

హాలెండు మనిషి ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు. తెక్లా మాత్రం రెండోది అడిగి తీసుకుంది.

అక్కడే అసలు గొడవ మొదలైంది. కాగితంలో పేర్లున్న అసలు దంపతులు, బుర్గోస్ ఊరివాళ్లు, ఆలస్యంగా ఆయాసపడుతూ వచ్చి, తాము ఇందులో ఉన్నామన్నారు. ఉంటే ఉండండి, మా వెనక అంది అంపారో. స్పెయిన్‌లో పుట్టిన మనుషులు కాబట్టి ఆ మాటకు ఎదురు చెప్పలేక తెక్లా మొహం గుర్తుపెట్టుకుని వెనక చేరారు. నొయేలియా మళ్లీ లెక్కపెట్టింది. పదిహేను. కాగితం వెనక్కి తిప్పి చూసింది. అక్కడేమీ లేదు.

వీన్యా పేటలోకి వచ్చేసరికి ఎదురింటి ఫెర్మినా బాల్కనీలోంచి వంగి చూసింది. ఇంతమంది ఇంత ఓపిగ్గా నడుస్తున్నారంటే ఎక్కడో ఏదో ఇస్తున్నారన్నమాటే. ఏమిస్తున్నారని అడిగితే అంపారో అబద్ధమాడలేదు. ఇప్పటిదాకా రొయ్యల వడ, నిమ్మకాయ పిండిన పంది మాంసం ఇచ్చారు, ముందేముందో తెలియదు అంది. ఫెర్మినా ఇంటి చెప్పులతోనే దిగివచ్చి చివరివాళ్లెవరని అడిగింది. బుర్గోస్ ఆయన చెయ్యెత్తాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. మంగలి అంగడి మూసి వచ్చాడు. పూజ ముగించుకుని వస్తున్న ముగ్గురు ముసలమ్మలు చేరారు. చేపలు వేయించే దుకాణం దగ్గర ఇరవై ఆరు మంది. పెద్ద చర్చి దగ్గర ముప్పై తొమ్మిది. కార్నివాల్ పాటల పోటీ టికెట్లు నాలుగు నెలల ముందే ఇస్తున్నారన్న మాట ఎక్కడ పుట్టిందో గాని, ఇద్దరు మడత కుర్చీలు పట్టుకొచ్చారు. తోపులాట లేదు. ఎవరు ఎవరి వెనకో ప్రతి ఒక్కరికీ తెలుసు. దేని వెనకో మాత్రం తెలియదు. నొయేలియా వెనక్కి తిరిగినప్పుడల్లా గొడుగు కొంచెం కిందికి దిగుతోంది.

తావీరా బురుజు పైకి కాగితం అంటించినవాళ్లనే రానిచ్చారు. మిగతావాళ్లు కింద వంతులు కాస్తూ నిలబడ్డారు. పైన నొయేలియా, వెనకటి వర్తకులు ఇలాంటి బురుజుల మీది నుంచే తమ ఓడలు వస్తున్నాయేమోనని చూసేవారని చెప్పింది.

"రాని ఓడల సంగతి కూడా చెప్పు తల్లీ," అంది అంపారో. నొయేలియాకు ఆ సంగతి ఎవరూ నేర్పలేదు.

తెక్లా ఈ మాటలేవీ వినడం లేదు. తెల్లటి మిద్దెలు, వాటి మీద ఆరేసిన బట్టలు, మూడు వైపులా సముద్రం చూస్తూ నిలబడిపోయింది.

"అక్కా, అరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారీ ఇది ఎక్కలేదు."

"ఎవరొద్దన్నారు?"

"నువ్వే. మెట్లెక్కితే గుండె ఆగుతుందన్నావు." సముద్రం వైపే చూస్తూ అంది. "కోటు చలికాలానికే అక్కా. పిల్ల నన్ను అక్కడే ఉండిపొమ్మంటోంది. నేనింకా ఏమీ చెప్పలేదు."

అంపారో చెయ్యి చాపి చెల్లెలి చేతిలోంచి సంచి లాక్కుంది. టికెట్టు అందులోనే ఉంది. సంచి తన చేతిలో ఉన్నంతసేపు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు.

కింద పోలీసు కాచుకుని ఉన్నాడు. ఈ ఊరేగింపుకు అనుమతి ఎవరు తీసుకున్నారని అడిగాడు. ప్రతివాళ్లూ తమ ముందున్నవాళ్లను చూపించారు. అలా వేలు మీద వేలు తిరిగి గడ్డిటోపీ మీద వాలింది. హాలెండు మనిషి ఎర్రబడిపోయి, చివరివాళ్లెవరని ఈవిడ అడిగింది, నేను నిజంగానే ఆలస్యంగా వచ్చాను అన్నాడు. పోలీసు అదంతా రాసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇప్పుడు చివరివాళ్లెవరని అడిగి, తన అత్తగారి కోసం వంతు చెప్పిపెట్టాడు.

అయిదింటికి నొయేలియా అందరికీ దండం పెట్టి, ఇక చూసేదేమీ లేదంది. ఎవరూ కదల్లేదు. ఇంతసేపు నిలబెట్టి ఏమీ ఇవ్వకుండా పొమ్మనడం ఎక్కడి న్యాయమని మంగలి అడిగాడు. నొయేలియా గొడుగు మడిచి, పక్క సందులోకి తిరిగి పరుగెత్తింది. హాలెండు మనిషి సెవిల్‌కు వెళ్లాలి, అదీ అయిదున్నర రైల్లోనే. అతను గబగబా స్టేషన్ వైపు నడిచాడు. అతని వెనక వంతు అంపారోది. అంపారో వెనక తెక్లా, తెక్లా వెనక యాభై మంది.

ప్లాట్‌ఫారం మీద అంపారో సంచిని రెండు చేతులా గుండెకు హత్తుకుని నిలబడింది. సంచి ఇవ్వనంది. తెక్లా దెబ్బలాడలేదు.

"ఇవ్వకపోతే కట్టుబట్టలతోనే వెళ్తాను. నా కూతురు కనబోతోంది అక్కా. నీకు చెప్పే వెళ్లాలని ఇంకా నిలబడ్డాను."

అంపారోకు ఒళ్లు మండింది. మోకాళ్లు సరిగా వంగని మనిషి, కట్టుబట్టలతో వెళ్తుందట. వెళ్లేదాన్ని పంపేదేదో సవ్యంగా పంపాలి. పై అరలో సంచి నేనే పెడతాను, ఆ మోకాళ్లతో నువ్వు చెయ్యలేవు అని కసిరి, హాలెండు మనిషి వెనకే పెట్టెలోకి ఎక్కింది. సంచి పైకి తోసింది. అది సరిగా కూచోలేదని దించి మళ్లీ పెట్టింది.

కింద యాభై మంది తెక్లాను చుట్టుముట్టారు. టికెట్లు రైల్లో ఇస్తున్నారా, తలకెన్ని, అంపారో తర్వాత నీదేనా వంతు అని అడుగుతున్నారు. అడిగినవాళ్లకు జవాబు చెప్పకుండా వెళ్లే అలవాటు తెక్లాకు లేదు. ఒక్కొక్కరికీ విడమరిచి చెబుతోంది. ఫెర్మినాకు చెబుతుండగా రైలు తలుపు మూసుకుంది.

కిటికీ అద్దం వెనక అంపారో రెండు చేతులతో కొడుతూ ఏదో అరుస్తోంది. ఆమె కోపం ఆ పేటవాళ్లెవరికీ వినిపించకపోవడం అదే మొదటిసారి. రైలు కదిలింది. చివరివాళ్లెవరని ఎవరో అడిగారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

తెక్లా మర్నాటి రైల్లో వెళ్లింది. అప్పటికే ఆడపిల్ల పుట్టింది, సంచిలోని టికెట్టుతో ముందే చేరిన అంపారో ఆ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రివాళ్లకు గుడ్డ చుట్టడం కూడా రాదని తిడుతోంది. కూతురు ఉండిపొమ్మన్నది. పైకప్పు మీద గుడ్డలారే ఊరు వదిలి ఉండలేనని తెక్లా చెప్పేసింది. పదిహేనో రోజున సంచి సర్దుకుని, బయల్దేరుదామా అని అక్కను అడిగింది. పసిదానికి నీళ్లు పోయడం ఈ ఇంట్లో ఎవరికీ చేతకాదని, ఇంకో పదిహేను రోజులుండి వస్తానని అంపారో అంది.

తెక్లా చెప్పిన రోజుకే ఇల్లు చేరింది. తిరిగి రానిది అంపారో. ఆమె వెళ్లింది 2011 అక్టోబరు ఆరున, అయిదున్నర రైల్లో.