ఇద్దరు చాలన్న పాపానికి

ఆ శనివారం పొద్దున సయ్‌కల్ పెట్టుకున్న పనులు మూడే. ఎనిమిదింటికి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పదింటికల్లా కుట్టు మిషను ముందు కూర్చోవాలి. ఈ లోపల రక్తం ఇవ్వడానికి ఇద్దరు మనుషుల్ని మాట్లాడుకోవాలి.

పుట్టి బుద్ధెరిగాక ఆమె ముందు పళ్ళు ఒకదాన్నొకటి తాకింది లేదు. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, రెండు వరసల మధ్య వేలు పట్టేంత సందు ఉండేది. బిష్కెక్‌లో ఆమెతో పాటు కుట్టుపని చేసే ఆడవాళ్ళంతా దారాన్ని పంటితో పుటుక్కున తెంపుతుంటే తానొక్కతే కత్తెర వెతుక్కునేది. రెండేళ్ళు తీగలు కట్టించుకుంటే పళ్ళు వరసకొచ్చాయి. ఇక మిగిలింది దవడ ఎముక కోసి వెనక్కి జరపడమే. వచ్చే బుధవారం కాక ఆ పై బుధవారం ఆపరేషన్.

డాక్టరు తీగ పొడవునా బుల్లి కొక్కేలు బిగించి, పై వాటికీ కింది వాటికీ రబ్బరు వలయాలు తగిలించింది.

"ఆపరేషన్‌లో దవడలు కట్టేది వీటితోనే. ఒక్కటి ఊడినా తేదీ పోయినట్టే, మళ్ళీ ఫిబ్రవరిలోనే. జావ తాగు, పెరుగు తాగు. మాంసం జోలికి పోకు. ఈ రబ్బర్లతోనే మాట్లాడడం అలవాటు చేసుకో."

ఇంటికొచ్చి అత్తగారికి ఆ సంగతి చెబుదామని నోరు తెరవబోతే సగం మాటలు పళ్ళ వెనకే ఆగిపోయాయి. బత్మా టీ పోస్తూ కోడల్ని తేరిపార చూసింది.

"నోరు కట్టేసుకొచ్చిన కోడలు. పాపం మా అత్తగారికి ఈ యోగం పట్టలేదు," అంది.

రక్తం ఆసుపత్రి వాళ్ళ నియమం. ఆపరేషన్‌కి ముందు రోగి తరఫున ఇద్దరు రక్తమిచ్చి, ఆ చీటీలు తేవాలి. భర్త తిలెక్‌కి చిన్నప్పుడు కామెర్లొచ్చాయి కాబట్టి పనికిరాడు. బత్మాకి వయసు దాటింది. "ఇక్కడే ఉన్న మా వాళ్ళకి రాస్తాలే," అని తిలెక్ ఫోను తీశాడు. అతను మాటల్లో ఎంత పొదుపో రాతలో అంతకు రెట్టింపు. "సయ్‌కల్‌కి ఆపరేషన్. రక్తం కావాలి," అని రాసి పనికి వెళ్ళిపోయాడు. ఆ రాత పోయింది బిష్కెక్‌లో ఉన్న నలుగురు అన్నదమ్ముల గుంపులోకి కాదు, కొండల్లోని సొంతూరు కొచ్కొర్ నించి కజకిస్తాన్ దాకా చెల్లాచెదురుగా ఉన్న తొంభై మంది వంశం గుంపులోకి.

పావుగంటలో కొచ్కొర్ నించి సూయున్ ఫోన్ చేసింది. ఆవిడ తిలెక్ పెదనాన్న అసన్‌కుల్ భార్య.

"ఏమైందే తల్లీ?"

"ఏం లేదత్తా. దవడ," అంది సయ్‌కల్. రబ్బర్ల వెనక నించి అది మూలుగులా వినబడింది.

"ఎంత రక్తం కావాలే? ఎంతమంది రావాలి?"

"ఇద్దరు చాలత్తా."

సూయున్ ఫోను పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. "ఇక చాలత్తా, అంటోందండీ. ప్రాణం విసిగిపోయినట్టుంది పిల్లకి."

మధ్యాహ్నానికి గుంపులో సయ్‌కల్‌కి నోరు పడిపోయింది. సాయంత్రానికి ఒంట్లో రక్తమంతా మార్చాలన్నారు. ఆ తరవాత ఎవరో దుఆ పెట్టారు, దాని కింద నలభై మంది ఆమీన్ అన్నారు. తిలెక్ పని దిగి ఫోను చూస్తే నూట అరవై కబుర్లున్నాయి. ఎవరింట్లోనో పిల్లాడు పుట్టినట్టున్నాడనుకుని, ఒక చప్పట్ల బొమ్మ పెట్టి మూసేశాడు.

ఆదివారం మూడింటికి గేటు ముందు రెండు వ్యాన్లు ఆగాయి. ఇరవై ముగ్గురు దిగారు, వాళ్ళతో పాటు ఒక గొర్రె దిగింది. చావింటికి వచ్చే మగవాళ్ళు గేటు దగ్గర్నించే ఏడుస్తూ రావడం ఆనవాయితీ. ఇంట్లోంచి అలికిడి లేదు, వాకిట్లో మనిషి లేడు. పిల్ల అప్పుడే పోయిందనుకున్నాడు అసన్‌కుల్. టోపీ సర్దుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఓ నా తల్లీ, నా బంగారు తల్లీ" అని గొంతెత్తాడు. వెనక ఉన్న మగాళ్ళంతా అందుకున్నారు.

గేటు తెరుచుకుంది. చేతిలో జావ గ్లాసుతో సయ్‌కల్ నిలబడి ఉంది.

"...తల్లీ, తాగడానికి నీళ్ళున్నాయా? దారంతా దుమ్ము," అన్నాడు అసన్‌కుల్.

జరిగిందేమిటో తేలేసరికి రెండు కెటిళ్ళ టీ అయిపోయింది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. తిట్టాలంటే మొదలు తిలెక్‌తో పెట్టాలి, అతను గోడవారగా చేరి అందరికీ టీ అందిస్తున్నాడు. గొర్రె మాత్రం దేనికైనా పనికొచ్చేలా వచ్చింది. "చావుకి కాకపోతే మొక్కుకి. పిల్ల బతికుందిగా, కోసెయ్యండి," అన్నాడు అసన్‌కుల్.

ఆ సాయంత్రం వాకిట్లో పొయ్యి మీదికి పెద్ద డేగిశా ఎక్కింది. గొర్రె తోకలోని కొవ్వు ముక్కలు కాలేయంతో కలిపి పళ్ళేల్లో తిరిగాయి. అసన్‌కుల్ తన చేత్తో మంచి ఎముక ముక్క ఏరి సయ్‌కల్ ముందు పెట్టాడు. అలా పెట్టిన ముక్కని కాదనడం ఆ ఇళ్ళలో లేదు.

"తిను కోడలు పిల్లా. రక్తం పట్టాలంటే ఇదే మందు."

సయ్‌కల్‌కి కొక్కేలు గుర్తొచ్చాయి, ఫిబ్రవరి గుర్తొచ్చింది. రెండేళ్ళ ఓపిక ఆ ఎముక మీద పెట్టి కొరకాలా? తల వంచుకుని పళ్ళెం రెండు చేతులతో అందుకుంది. తినడం మాత్రం మొదలుపెట్టలేదు. ఇరవై మూడు జతల కళ్ళు ఆమె నోటి మీదే ఉన్నాయి.

బత్మా లేచి ఆ ముక్క తీసి సంచిలో వేసింది. "ఇది దాని వాటా. నోరు విప్పిన రోజు తింటుంది. అప్పటిదాకా నా దగ్గరుంటుంది. నీ చేతి ముక్క ఎక్కడికీ పోదు బావా," అంది. మర్యాద దక్కింది, కొక్కేలూ దక్కాయి. సయ్‌కల్ మళ్ళీ జావ తాగింది.

సోమవారం పొద్దున అందరూ రక్తకేంద్రానికి బయలుదేరారు. ఇద్దరు చాలని తిలెక్ చెప్పి చూశాడు. "ఇంత దూరం వచ్చి ఇద్దరా?" అని అతన్ని కూడా వ్యానెక్కించారు. కేంద్రంలో కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకున్నారు. మొదటి ముగ్గురి దగ్గర పరీక్షకి రక్తం తీసి లోపలికి తీసుకెళ్ళిన డాక్టరమ్మ, కాసేపటికి మూడు గొట్టాలు పట్టుకుని బయటికొచ్చింది. వాటిలో రక్తం పైన తేరిన నీరు పాలలా తెల్లగా ఉంది.

"నిన్న ఏం తిన్నారు?"

"గొర్రె," అన్నాడు అసన్‌కుల్.

"గొర్రెలో ఏం?"

"గొర్రె అంతా."

డాక్టరమ్మ గోడ మీది కాగితం చూపించింది. రక్తమిచ్చే ముందు రోజు కొవ్వు తినరాదని అందులో పెద్ద అక్షరాలతో ఉంది. "నిన్న కొవ్వు ముట్టని వాళ్ళు చెయ్యెత్తండి."

చివరి వరసలో ఒక్క చెయ్యి లేచింది.

"నువ్వు రా అమ్మా. రోగికి ఏమవుతావు?"

"రోగిని నేనే," అంది సయ్‌కల్ పళ్ళ సందునించి.

ఈసారి ఆ మాట అందరికీ సరిగ్గానే వినబడింది. డాక్టరమ్మ లోపలికెళ్ళి ఆపరేషన్ చేసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి వచ్చింది. ఇంకా తొమ్మిది రోజులుంది కాబట్టి ఆమె రక్తమే ఆమె కోసం తీసి దాచవచ్చట. ఒక్క సంచి ఉంటే ఇద్దరి చీటీలూ అక్కర్లేదట.

"పిల్ల రక్తం పిల్లకేనా? మరి మేమెందుకు?" అంది సూయున్.

"నేనూ అదే అడుగుదామనుకుంటున్నా," అంది డాక్టరమ్మ.

అసన్‌కుల్ లేచి నిలబడ్డాడు. "వద్దు. పిల్ల ఒంట్లోంచి తీయడమేంటి? మేం రెండ్రోజులు ఇక్కడే ఉంటాం. కొవ్వు ముట్టం. బుధవారం అందరం మళ్ళీ వస్తాం."

ఇంట్లో మిగిలిన పరుపులెన్నో, పిండి ఎంతో బత్మా ఒక్క క్షణంలో లెక్క చూసుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ ముందుకు తెచ్చింది. "ఇప్పుడే తీసెయ్యండి," అంది.

సయ్‌కల్ మంచం మీద పడుకుంది. పది నిమిషాల పనికి ఇరవై ముగ్గురూ గుమ్మంలో ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూశారు. సూయున్ ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. ఈ ఇంటికి కోడలై వచ్చి ఆరేళ్ళయింది. ఇంతమంది తన కోసమే ఏడవడానికి బయలుదేరి వచ్చారన్న సంగతి సయ్‌కల్‌కి అప్పుడే సరిగ్గా తలకెక్కింది. కళ్ళు చెమర్చాయి. సూది నొప్పనుకుని నర్సు బుజ్జగించింది.

ఆ పై బుధవారం ఆపరేషన్ ఐదు గంటలు పట్టింది. కొక్కేలన్నీ చోటు తప్పకుండా ఉన్నాయి, దవడ అనుకున్నంత వెనక్కి జరిగింది. ఆ ఒక్క సంచీ ఎక్కించారు, ఇంకొకటి అవసరం పడలేదు. ఆ రోజుకి మళ్ళీ కొచ్కొర్ నించి వచ్చిన అసన్‌కుల్ నడవాలోనే ఫోను తీసి, ఊళ్ళో ఉన్న వాళ్ళకి కబురు చెప్పాడు.

"అంతా బాగా జరిగింది. రక్తం మనమే చూసుకున్నాం. పరాయి వాళ్ళది ఒక్క చుక్క పడనివ్వలేదు, ఎక్కించిందంతా మన ఇంటి రక్తమే."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.