ఎప్పుడొస్తుంది?

ఆ రోజు లెక్కలమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి మీటింగు, పన్నెండుకల్లా చప్పట్లు, ఆ వేడి చల్లారకముందే డైరెక్టరు గారి చేతిలో అర్జీ. రోజూ నాలుగింటికే ఇంటికెళ్లి మిగతా పని అక్కణ్ణుంచే చేసుకుంటానని అర్జీ. "ముందు ఆ విడ్జెట్ సంగతి తేల్చు, తర్వాత నీ సంగతి చూద్దాం" అని నెల కిందటే చెప్పారావిడ.

ఇంటి దగ్గర నాన్నకు పక్షవాతం వచ్చి, మాట పడిపోయి ఏడు నెలలైంది. ఇప్పుడిప్పుడే ఒక్కో మాటా తిరిగి వస్తోంది. వచ్చిన ప్రతి మాటనూ తేదీ, వేళతో సహా రాసిపెట్టమన్నాడు డాక్టరు. పగలంతా ఆయన్ని కనిపెట్టుకుని ఉండే మేనత్త ఫోనులో రాసి పంపేది. కూతురు వాటిని చదివే ఓపిక లేక, వచ్చినవి వచ్చినట్టే ఒక పట్టికలో అతికించేసేది. సాయంత్రాలు కూతురు పక్కన కూర్చుని మాట్లాడిస్తే మాట ఇంకా తొందరగా వస్తుందని కూడా అన్నాడు డాక్టరు. అర్జీ అందుకే.

ఆమె ఉద్యోగం సిటీ బస్సుల కంపెనీలో లెక్కలు చూడటం. పనంతా నోట్‌బుక్‌లో. నోట్‌బుక్ అంటే అట్టలేసుకునే పుస్తకం కాదు, కంప్యూటర్లో ఒక పేజీ. పై గడిలో ఆజ్ఞ రాస్తే కింది గడిలో జవాబు వస్తుంది. ఆ జవాబు ఇన్నాళ్లూ ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉండేది. లెక్కలమ్మాయి దాని చోట ఒక విడ్జెట్ పొదిగింది. వేలితో నొక్కితే వరసలు కిందామీదా అయ్యే పట్టిక, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో, ఏ వేళకు వచ్చిందో చిటికెలో చెప్పే పట్టిక. హెల్ప్‌లైనుకు ఫోన్ చేసిన ప్రయాణికుల మాటలు అందులో చూపించాలి.

పొద్దున ఇంట్లో పాలు పొంగేలోపు ఒక్కసారి సరిచూసుకుందామనుకుంది. చిన్నది కదా అని నాన్న పట్టికతో నడిపి చూసింది. బ్రహ్మాండంగా నడిచింది. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, రెండు పట్టికలకూ ఆమె పెట్టిన పేరు ఒకటే: "మాటలు". ఒకే పేరు ఇద్దరికి పెడితే, చివరగా పిలిచినవాళ్లే నోట్‌బుక్కుకు గుర్తు. ఈలోగా పాలు పొంగాయి, ఆమె పరిగెత్తింది, ఆఫీసు పట్టికను మళ్లీ పిలవడం మరిచిపోయింది.

పదకొండింటికి పెద్ద తెర మీద పట్టిక తెరుచుకుంది. మొట్టమొదటి వరస "నీళ్లు", ముప్ఫై ఎనిమిది సార్లు. లెక్కలమ్మాయి దిగ్గున లేచింది. అవి నాన్న అడిగిన నీళ్లు.

"మేడమ్, ఒక్క నిమిషం, ఇది..."

"ఉండమ్మా, చదవనీ" అన్నారు డైరెక్టరు గారు. "ఏమయ్యా ఇంజనీరూ, మన స్టాపుల్లో తాగడానికి నీళ్లు లేవా?"

"రెండు చోట్ల పంపులున్నాయి మేడమ్" అన్నాడు స్టాపుల ఇంజనీరు.

"వాటిల్లో నీళ్లొస్తాయా?"

"పంపులైతే ఉన్నాయి మేడమ్."

ఆవిడ చూసిన చూపుకి ఇంజనీరు అక్కడికక్కడే ఫోన్ తీసి ఇరవై పంపులకు ఆర్డరు పెట్టేశాడు. తర్వాతి వరస "జరుగు", యాభై రెండు సార్లు. ఇంట్లో అది టీవీకి అడ్డంగా కూర్చునే పిల్లిని ఉద్దేశించిన మాట. "నిలబడ్డానికి కూడా చోటు లేదన్నమాట. అయినా ఒక్క తిట్టు లేదు చూడండి! ఎంత మర్యాదస్తులో మన జనం" అని డైరెక్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

లెక్కలమ్మాయి తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. ఆఫీసు పనిలో ఇంటి పట్టిక పెట్టిందని తెలిస్తే, ఇంటినుంచి పనిచేస్తానన్న అర్జీని ఎవరు చూస్తారు? ఈలోగా "ఎప్పుడొస్తుంది" వచ్చింది, నూట ఆరు సార్లు. మన భాషలో అమ్మాయికీ బస్సుకీ క్రియ ఒక్కటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎనిమిది కొత్త బస్సులు కావాలని తీర్మానం రాసుకున్నారు. చిలికి చిలికి గాలివాన అవుతోంది.

అప్పుడు డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు.

"బంగారం, పద్నాలుగు సార్లు! నా బస్సుల్లో పద్నాలుగు మంది బంగారం పోగొట్టుకున్నారా?"

"ఇది ముఠా పనే మేడమ్" అన్నాడు ఇంజనీరు.

"పోలీసులకి ఫోన్ చెయ్యి."

అతను నంబరు నొక్కుతున్నాడు.

"ఆగండి మేడమ్!" అని అరిచింది లెక్కలమ్మాయి. "ఆ బంగారం నేనే!"

ఇంజనీరు ఆమె వంక ఎగాదిగా చూశాడు. "అంటే... నువ్వా తీసింది?"

"తియ్యడం కాదండీ. నేనే బంగారాన్ని. మా నాన్న నన్నలాగే పిలుస్తారు."

ఇక దాచి లాభం లేదు. నాన్న, మేనత్త, పిల్లి, పొంగిన పాలు, అన్నీ చెప్పేసింది. డైరెక్టరు గారు తెర దగ్గరికి వెళ్లి "ఎప్పుడొస్తుంది" మీద వేలు పెట్టి, వేళ ప్రకారం పేర్చారు. నూట ఆరు వరసలూ ఒక్కచోట చేరాయి. నాలుగింటికి మొదలై ఏడింటికి ఆగిపోయాయి.

లెక్కలమ్మాయి వాటిని చూడటం అదే మొదటిసారి. అన్నీ తన చేత్తో అతికించినవే, ఒక్కటీ చదవలేదు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురిలో ఉన్నానన్న సంగతి కూడా మరిచిపోయి ఏడ్చింది.

"ఈ బస్సు రోజూ ఎన్నింటికి చేరుతుంది?" అని మెల్లగా అడిగారు డైరెక్టరు గారు.

"ఏడింటికి మేడమ్."

"ప్రయాణికుడేమో నాలుగింటి నుంచీ ఎదురుచూస్తున్నాడు. ఏదీ, ఆ అర్జీ ఇలా తే." సంతకం పెట్టి చేతికిచ్చారు. "రేపట్నుంచి కాదు, ఇవాళే. లే, బయల్దేరు. మన జనం మాటలు రేపు చూద్దాం."

"మేడమ్, మరి పంపుల ఆర్డరు రద్దు చెయ్యనా?" అన్నాడు ఇంజనీరు.

"ఎందుకయ్యా? ఎవరడిగితేనేం, నీళ్లే కదా."

మధ్యాహ్నం రెండింటికి లెక్కలమ్మాయి ఇంటి తలుపు తోసింది. కిటికీ పక్క కుర్చీలో ఉన్న నాన్న తలెత్తి ఆమెను చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్లీ ఆమెను చూశాడు. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి. మేనత్త గబగబా ఫోన్ అందుకుంది.

"బంగారం... నీ ఉద్యోగం... పోయిందా?"

ఏడు నెలల తర్వాత ఆయన నోట వచ్చిన తొలి నిండు వాక్యం, అదీ అపశకునమే.