వన్స్ మోర్ అనేవారు చల్లగా ఉండాలి

1959 ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి పులివెందులలో విజయధ్వజ మహారాజు తన రాజ్యాన్ని పదిసార్లు వదులుకున్నాడు. ప్రతిసారీ ప్రజలు ఆయన రాజ్యం ఆయనకు తిరిగి ఇచ్చి, మళ్లీ వదులుకోమన్నారు.

మహారాజు అసలు పేరు కమాల్ బాషా. పగటిపూట ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బస్సు సర్వీసులో టికెట్లు ఇస్తాడు. నాటకం పేరు ‘విజయధ్వజ రాజ్యత్యాగం’. రెండో అంకం చివర మహారాజు కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టి ఒక పద్యం పాడతాడు. పద్యం ముగియగానే జనంలోంచి రెండు ఇంగ్లీషు మాటలు లేస్తాయి. వన్స్ మోర్. తెల్లవాడు పోతూ పోతూ రైళ్లు వదిలిపోయాడు, కోర్టులు వదిలిపోయాడు, ఈ రెండు మాటలూ వదిలిపోయాడు. రైళ్లు ఆలస్యంగా వస్తాయి, కోర్టులు తేల్చవు. ఈ రెండు మాటలు మాత్రం ఇప్పటికీ సరిగ్గా పనిచేస్తున్నాయి.

వన్స్ మోర్ ఒక పీడ అని కొందరు నటులు గొణుగుతుంటారు. నమ్మకండి. జనానికి దానంత మేలు చేసిన మాట ఇంకొకటి లేదు!

మీరే ఆలోచించండి. ఇంట్లో ఒకడికి కళ పిచ్చి పట్టిందనుకోండి. పెద్దవాళ్లు ఏం చేస్తారు? తిడతారు. తగ్గదు. కొడతారు. తగ్గదు. పెళ్లి చేస్తారు. ఇంకా పెరుగుతుంది. అలాంటి పిచ్చిని వేళ్లతో సహా పీకేసే మందు మన దగ్గర ఉంచుకుని, దాన్ని పీడ అంటామా?

కమాల్ బాషాకు ఆ పిచ్చి పదిహేనో ఏట పట్టింది. నాటకాల వాళ్ల తెర బండికెత్తి, బండితో పాటు నడిచి వెళ్లేవాడు. పెద్దయ్యాక పద్యాలు నేర్చాడు. బావి దగ్గర పాడేవాడు, సైకిలు తుడుస్తూ పాడేవాడు, కొత్త రాగం దొరికితే అన్నం చల్లారిపోయేది. భార్య దిల్షాద్‌బీ గోడకవతల వాళ్లకు సర్దిచెప్పేది: “మా ఆయన అరుస్తాండేది నా మీద కాదు, రాగం మీద.”

1955లో ‘విజయధ్వజ’ చేతికి వచ్చింది. రాసిన పండితుడు అప్పటికే పోయాడు కాబట్టి, తర్వాత జరిగినవి చూసే కష్టం ఆయనకు లేకపోయింది. అందరూ రెండో అంకంలో పద్యం చూశారు. కమాల్ బాషా మూడో అంకం చూశాడు. అందులో పద్యం లేదు. అడవి దారిలో మహారాజు ఒక కుమ్మరి ఇంటికి చేరి పని అడుగుతాడు. కుమ్మరి భార్య మట్టి తొక్కమంటుంది. ఆయనకు రాదు. ఆమె తిడుతుంది, ఆయన నేర్చుకుంటాడు. అంతే సీను.

ఆ సీను కోసం కమాల్ బాషా సెలవు రోజుల్లో జమ్మలమడుగు వెళ్లి ఒక కుమ్మరి దగ్గర మట్టి తొక్కాడు. అంచు నుంచి మొదలుపెట్టి, పాదం పక్కగా వేస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలి. అడుగు తప్పితే తెలిసిపోతుంది, తొందరపడితే రాయి గుచ్చుకుంటుంది. ముందు రాని మనిషిలా తొక్కడం, తర్వాత వచ్చిన మనిషిలా తొక్కడం, రెండూ నేర్చాడు. రెండింటికీ మధ్య, కొంచెం కొంచెం వస్తున్న మనిషిలా తొక్కడం నేర్చుకోవడానికి ఒక వేసవి పట్టింది.

ఇంత నేర్చిన సీను ఎన్నిసార్లు ఆడాడు? ఒక్కసారీ లేదు. పద్యం దగ్గర వన్స్ మోర్ మొదలవుతుంది. జనం తనివి తీరేసరికి కోడి కూస్తుంది. పాలు పిండేవాళ్లు లేస్తారు, పొలం పోయేవాళ్లు లేస్తారు, ఇంకెవరికి ఆడాలి? కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. కమాల్ బాషా మాత్రం రెండో అంకం నుంచి మూడో అంకానికి పోలేకపోయాడు.

ఇందులో లాభం గమనించారా? ఒక నాటకానికి ఒక పద్యం చాలునని తేలింది. మిగతాది రాయడం, నేర్వడం, ఆడడం, చూడడం అన్నీ దండగ. ఇదే పద్ధతి బడుల్లో పెడితే పిల్లలకు ఒకటో ఎక్కం చాలు. ఎన్నికల్లో మనం ఇప్పటికే పెట్టుకున్నాం. గెలిపించిన మనిషినే మళ్లీ గెలిపిస్తాం. ఆయన చెప్పిందే మళ్లీ చెప్తాడు. ఎవరికైనా కష్టం కలిగిందా?

వన్స్ మోర్ నాటకం పందిట్లోనే ఆగిపోతే దాన్ని ఇంతగా పొగడాల్సిన పని లేదు. అది మనిషి వెంట వస్తుంది. బస్టాండులో టికెట్ల కిటికీ ముందు నిలబడి, “జమ్మలమడుగుకు రెండు టికెట్లు, ఒక పద్యం” అనేవాళ్లు. మంగలి గడ్డం కింద కత్తి ఆనించి, “మామా, ఆ పద్యంలో మొదటి పాదం” అనేవాడు. కత్తి అక్కడున్నప్పుడు ఎవరైనా పాడతారు. మేనమామ పోతే పరామర్శకు వచ్చిన పెద్దమనిషి కాసేపు తల వంచుకుని కూర్చుని, “అల్లా రాత అప్పా, ఏం చేస్తాం. వచ్చే శనివారం ఆట ఉందా?” అన్నాడు.

ఈ మేళ్లు తట్టుకోలేక కమాల్ బాషా కొన్ని ఉపాయాలు చేశాడు. పద్యం గబగబా పాడేశాడు. నిదానంగా ఇంకోసారి పాడమన్నారు. కావాలని శ్రుతి తప్పాడు. “పాపం, గొంతు బాగలేదు. ఇంకోసారి పాడితే సర్దుకుంటాది” అని ధైర్యం చెప్పి పాడించారు. గొంతు నొప్పి అని డాక్టరు దగ్గరికి పోయాడు. డాక్టరు నాలుక నొక్కి, టార్చి వేసి, “ఆ అనండి” అన్నాడు. ఆ అన్నాడు. “ఇట్ల కాదు, పద్యం ఎత్తుకునేటప్పుడు అంటారే, ఆ మాదిరి” అన్నాడు డాక్టరు.

పులివెందులలో ఆ శనివారం రాత్రి తొమ్మిదోసారి పాడాక ఆయన కిరీటం చేత్తో పట్టుకుని స్టేజీ అంచుకు వచ్చాడు. హార్మోనియం ఆగింది.

“అన్నలారా, అప్పలారా. నాలుగేండ్లుగా ఇదే పాడతాండా. దీని తర్వాత ఒక అంకముంది. దాంట్లో పద్యాల్లేవు గానీ, శానా బాగుంటాది. దాని కోసం నేను మట్టి తొక్కేది నేర్చుకున్నా. ఒక్కసారి చూడండి. బాగాలేకుంటే ఇంక మీ ఊరికి రాను.”

ఆడవాళ్ల వైపు ఒకామె కళ్లు తుడుచుకుంది. ముందు వరసలో మంచం వేసుకుని కూర్చున్న ఓబుళరెడ్డి, ఆ రాత్రి ఆట పెట్టించిన ఆసామి, లేచి నిలబడ్డాడు.

“ఎంత బాగా చెప్పినావు మామా. రాజు మాట్లాడినట్లే ఉంది. వన్స్ మోర్.”

జనమంతా అందుకున్నారు. కమాల్ బాషా ఆ మాటలు ఇంకోసారి చెప్పలేదు. పద్యం పదోసారి పాడాడు. తెల్లవారింది.

సోమవారం ఉదయం కిరీటం గోనెసంచిలో పెట్టుకుని డ్యూటీకి వచ్చాడు. నాటక సమాజానికి కార్యదర్శీ, హార్మోనిస్టూ అయిన ఆదినారాయణ కమలాపురం బస్సుకు టికెట్ కోసం వచ్చినప్పుడు, టికెట్‌తో పాటు సంచి కూడా కిటికీలోంచి తోశాడు.

“ఏందప్పా ఇది?”

“కిరీటం. నేనింక ఆడను.”

ఆదినారాయణ సంచి విప్పి చూసి మూతి కట్టాడు. “కిరీటం ఇచ్చేది నీకు అలవాటే గదా. పద్యం లేకుండా ఇస్తాండావే, అదే కొత్త.”

క్యూలో ఉన్నవాళ్లు నవ్వారు. వెనకనుంచి ఒకరు పద్యం అడిగారు. కమాల్ బాషా కిటికీ తలుపు వేసేశాడు. ఆ రోజు కమలాపురం బస్సు ఆలస్యంగా కదిలింది.

చూశారా? ఇరవై ఏళ్ల పిచ్చి కుదిరింది. తిట్టు లేదు, దెబ్బ లేదు, తాయెత్తు లేదు. కేవలం చప్పట్లతో కుదిరింది. ఆ తర్వాత ఆయన వేళకు తిన్నాడు, వేళకు పడుకున్నాడు. సైకిలు మాట్లాడకుండా తుడిచాడు. బావి దగ్గర నీళ్ల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. గోడకవతల వాళ్లకు కూడా దిగులు పుట్టి, ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగారు.

దిల్షాద్‌బీ ఒక్కతే ఈ మేలు గుర్తించలేకపోయింది. “ఊరంతటికీ పాడిన నోరు. కూరలో ఉప్పు లేకున్నా పలకదు” అంది. నిజంగానే ఉప్పు వేయకుండా చూసింది. ఆయన తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

మే నెలలో జమ్మలమడుగులో ఒక బడి కట్టడానికి చందాల కోసం నాటకం పెట్టారు. మహారాజు వేషానికి కమలాపురం నుంచి జిలానీ అనే కొత్త మనిషిని పిలిచారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చేవాళ్లు ఆఖరి బస్సు అందుకోవాలని పగటి ఆట పెట్టారు. పగటి ఆట కాబట్టి దిల్షాద్‌బీ చూస్తానంది.

“నువ్వు ఆడినన్నాళ్లూ రాత్రి ఆటలే. నేను యాడ చూసినాను? ఇప్పుడన్నా చూస్తా.”

“చూసేదేముంది దాంట్లో.”

“ఈసారి మూడో అంకం కూడా ఆడతారంట. ఆదినారాయణన్న చెప్పినాడు.”

కమాల్ బాషా చొక్కా తొడుక్కున్నాడు.

ఆదినారాయణ ఆ మాట ధైర్యంగానే చెప్పాడు. జిలానీ గొంతు ఆయన విన్నాడు. “ఒకసారి విన్నోడు రెండోసారి అడగడు. సాయంత్రంలోగా మూడంకాలూ ఖాయం” అని తెర కట్టేవాళ్లతో అన్నాడు.

ఆయన అన్నట్లే జరిగింది. జిలానీ కిరీటం తీశాడు, పద్యం పాడాడు. జనం చప్పట్లు కొట్టారు, బీడీలు వెలిగించారు. ఎవరూ ఇంకోసారి అడగలేదు. తెర పడింది. తెర వెనక కుమ్మరి ఇల్లు పెడుతున్న చప్పుడు వినిపించింది. కుండలు చేసే సారె దొర్లించారు, తడిమట్టి తెచ్చి కుప్పగా వేశారు.

తెర నేల దాకా లేదు. జానెడు ఎత్తున ఆగింది. మగవాళ్ల వైపు మూడో వరసలో కూర్చున్న కమాల్ బాషాకు జిలానీ కాళ్లు కనిపించాయి. సీనుకు ముందు ఒకసారి తొక్కి చూసుకుంటున్నాడు. కుప్ప నడిమిన నిలబడి, ఉన్నచోటే, మడమలతో దబదబా తొక్కుతున్నాడు. కవాతు చేసే పోలీసులు తొక్కినట్లు తొక్కుతున్నాడు.

తెర లేపడానికి తాడు పట్టుకున్నారు. ఆదినారాయణ హార్మోనియం మూత వేసి బీడీ వెతుక్కుంటున్నాడు. మూడో అంకంలో ఆయనకు పని లేదు.

మూడో వరసలోంచి ఒక కేక వచ్చింది. “వన్స్ మోర్.”

ఆడవాళ్ల వైపు దిల్షాద్‌బీ, తన పక్కన కూర్చున్న గోడకవతలి ఇంటి భారతమ్మ మోచేయి గిల్లింది. “అద్దో, నోరు లేచింది” అంది.

తెర వెనక కాళ్లు ఆగాయి. జిలానీని పుట్టి బుద్ధెరిగి ఎవరూ రెండోసారి పాడమనలేదు. మట్టి కాళ్లతోనే బయటికి వచ్చి, మంత్రి దగ్గర కిరీటం లాక్కుని పెట్టుకుని, మళ్లీ తీసి పాడాడు. ఈసారి బాగా పాడాడు. మూడో వరస మళ్లీ అడిగింది. నాలుగో వరస సిగ్గుపడి కలిసింది. తర్వాత బడి ఆవరణంతా కలిసింది.

బస్సు హారన్ మోగింది. ప్రొద్దుటూరు వాళ్లు చాపలు చుట్టుకున్నారు.

ఆ సాయంత్రం వన్స్ మోర్ ఆరుసార్లు పడింది. మొదటిదీ ఆఖరుదీ ఒకే గొంతని ఆదినారాయణ ధ్రువపరిచాడు. మూడో అంకం ఆడలేదు.