క్లారీ బయలుదేరారు

"నాన్న కారు అడగకుండా ముట్టుకోకు" అంది మా ఆవిడ మెరిలిన్.

"నాన్న కారు కడగకుండా ముట్టుకోకు" అని వినిపించింది నాకు.

తప్పు నాదేనని తొందరపడి తేల్చెయ్యకండి. నెత్తి మీద కూలరు గర్జిస్తోంది. పొయ్యి మీద కెటిల్ కేకపెడుతోంది. నోట్లో టోస్టు కరకరలాడుతోంది. ఇంత గోలలో ఎక్కడిదో ఒక 'క' ఎగిరొచ్చి ఆ మాట ముందు కూచుంటే నేనేం చెయ్యను? కరకరలోదే ఒకటి జారి ఉంటుంది.

మాట పూర్తిచేసి మెరిలిన్ చర్చి హాలుకి వెళ్ళిపోయింది, మర్నాటి కోసం లామింగ్టన్ కేకులు చెయ్యడానికి. మర్నాడు వాళ్ళ నాన్న క్లారీ ట్రెవిన్ చితాభస్మం ఊరవతల కొండ మీద చల్లాలి. ఆయన కారులోనే తీసుకెళ్ళాలి. ఆయన కోరిక అది.

మావగారు జన్మంతా మా బ్రోకెన్ హిల్ గనుల్లో పనిచేశారు. ఊరంతా డీజిల్ బళ్ళు తోలుతుంటే, ఎనభయ్యో పడిలో పడ్డాక వెళ్ళి, రాజాలాంటి కరెంటు కారు కొనుక్కొచ్చారు. "భూమిలోంచి తవ్విందంతా తవ్వాను. ఇంక కాల్చను. పైగా పిల్లలు కొట్టుకోవడానికి ఏమీ మిగలకూడదు" అన్నారు. క్లారీకి ఆ మాత్రం క్లారిటీ ఎప్పుడూ ఉండేది.

ఈస్టరు వెళ్ళాక ఆయన పోయారు. కారు మిగిలింది. కొట్టుకోవడమూ మిగిలింది. అది తనకి రావలసిందని అడిలైడ్‌లో ఉండే మా బావమరిది రాస్ ఇప్పటికీ మూతి ముడుచుకునే ఉన్నాడు.

ఆ రోజునుంచి కారు మీద నీటి చుక్క పడలేదు. వానా లేదు, మెరిలిన్ బకెట్టూ ముట్టలేదు. మా ఊరి ఎర్రదుమ్ము సంగతి తెలుసుగా, తెల్లకారు పసుపు కుంకుమల పేరంటానికి వెళ్ళొచ్చినట్టు తయారైంది. సాయంత్రం కాగానే మెరిలిన్ గరాజులోకి వెళ్ళేది. కాసేపటికి కళ్ళెర్రగా తిరిగొచ్చేది.

"ఏమైంది?" అంటే,

"దుమ్ము" అనేది.

ఇంట్లో నవ్వు వినపడి నెలలైంది. నేను జోకు వేస్తే ఆవిడ ఉప్పు అందించేది. అందుకే లెక్క వేశాను. ఏడుపుకి కారణం దుమ్ము. దుమ్ము పోతే ఏడుపూ పోతుంది. కారు మెరిస్తే మెరిలిన్ మెరుస్తుంది. ఇంత గొప్ప ఆలోచన వచ్చినప్పుడు మనిషి ఎవరినైనా అడుగుతాడా?

తలుపు తీసి కూచున్నాను.

"శుభోదయం, క్లారీ" అంది కారు.

ఆయన పేరు దాని బుర్రలోంచి ఎవరూ తీసెయ్యలేదు. పేరే కాదు, కొలతలు కూడా. మావగారు పిడికెడు మనిషి. సీటు నెమ్మదిగా ముందుకి జరిగి, జరిగి, నా పొట్టని స్టీరింగుకి అప్పగించి ఆగింది. పోయినాయన ఒళ్ళో కూచున్నట్టు ఉంది. హారను నా బొడ్డుకి తగిలి గట్టిగా మోగింది.

ఆ మోతకి పక్కింటి లాఫ్టీ గోడమీంచి చూశాడు. లాఫ్టీ అంటే ఆకాశమంత పొడుగువాడని. మా దేశంలో పొట్టివాడికే ఆ పేరు పెడతాం కాబట్టి, గోడమీంచి వాడి టోపీ మాత్రమే చూసింది.

"ఒరే డెస్, క్లారీ కారు ఎక్కడికిరా?"

"స్నానానికి."

"యంత్రానికి ఇస్తున్నావా? ఒరే, బ్రష్షులున్న చోటికి వెళ్ళకు. దుమ్ముతో రుద్దితే రంగంతా గీతలే. బ్రష్షులు పట్టుకుంటే భ్రష్టు పట్టిపోతుంది. ఉత్త నీళ్ళు కొట్టే చోటికెళ్ళు. వాష్ మోడ్ పెట్టావా?"

"అదేంటి?"

"అది పెట్టకపోతే నీళ్ళు పడగానే వైపర్లు వాటంతటవే లేస్తాయి. బ్రేకులు పడతాయి. మోడ్ మర్చిపోతే మోడైపోతావు! మెరిలిన్‌ని అడిగావా?"

"తనే చెప్పింది" అన్నాను. వినపడినంత వరకూ నిజమే.

ఉత్త నీళ్ళు కొట్టే చోట క్యూ ఉంది. బ్రష్షుల సొరంగం ఖాళీగా ఉంది. నా జీవితంలో నిర్ణయాలన్నీ క్యూలే తీసుకున్నాయి.

సొరంగం దగ్గర షార్లీన్ అనే అమ్మాయి బబుల్‌గమ్ నములుతూ నిలబడింది. "వాష్ మోడ్ పెట్టారా?" అంది.

"ఎప్పుడో" అన్నాను ఠీవిగా. అద్దం మూసి కారుని బతిమాలాను. "అమ్మా, వాష్ మోడ్ పెట్టమ్మా."

"క్షమించండి, క్లారీ. ఆ పేరుతో దగ్గర్లో ఏ ఊరూ లేదు."

కింద పట్టా కదిలింది. చక్రాన్ని పట్టుకుని కారుని లోపలికి లాక్కెళ్ళింది. మొదటి నీళ్ళు పడ్డాయో లేదో, వైపర్లు లేచి బ్రష్షుతో కలబడ్డాయి. బ్రష్షు ఒకదాన్ని చంకలో పెట్టుకుంది. ముందు నుంచి ఏదో గుంపు మీదపడుతోందని కారు బెదిరి బ్రేకు వేసింది. పట్టా తోస్తోంది, కారు కదలనంటోంది. అచ్చం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిన రోజు మావగారిలాగే.

"క్లారీ, ఎదురుగా అడ్డం ఉంది."

"అది నా కర్మమ్మా!" అని తెర మీద కనపడిన బొమ్మనల్లా నొక్కాను. పక్కన ఛార్జింగ్ మూత తెరుచుకుంది. ఇంకోటి నొక్కితే సంగీతం. ఇంకోటి నొక్కితే అద్దాలు నాలుగూ కిందికి దిగాయి. గులాబీ రంగు నురగ లోపలికొచ్చి ఒళ్ళో కూచుంది. కారు కారుతోంది, నేను తడుస్తున్నాను, చావుమేళంలా మావగారి ఇష్టమైన బ్యాండు వాయిస్తోంది. ఎక్కడో షార్లీన్ ఎర్ర మీట నొక్కినట్టుంది, సొరంగమంతా ఆగింది.

సరిగ్గా అప్పుడే కారులో ఫోను మోగింది. మెరిలిన్.

"డెస్, ఎక్కడున్నావు?"

"ఇంట్లోనే. ఆరాంగా."

"ఇంట్లో నీళ్ళ చప్పుడేంటి?"

"షవరు కింద ఉన్నాను." ఇది అబద్ధం కాదు.

ఆవిడ గొంతు చాలా చిన్నదైంది. "ఇందాక నా ఫోను మోగింది, డెస్. కేకులు తిప్పుతుంటే. చూస్తే 'క్లారీ బయలుదేరారు' అని ఉంది. కారు కదిలితే అలా చెబుతుంది. నాకు తెలుసు. తెలిసీ, ఒక్క క్షణం..."

ఆ ఒక్క క్షణం ఏమిటో చెప్పలేదు. బ్యాండు మాత్రం వాయిస్తూనే ఉంది. ఆపడం నాకు రాలేదు.

ముక్కు చీదుకుని ఆవిడే తేరుకుంది. "సరే. కారు ఎక్కడుందో, అద్దాలు తెరిచి ఉన్నాయని, అంతా ఫోనులో కనపడుతోంది. అద్దాలు ఇక్కణ్ణుంచి నేను మూస్తాను. కింద ఎడమవైపు కారు బొమ్మ ఉంటుంది, నొక్కు. దాంట్లో నీటిచుక్క బొమ్మ. నాన్నే నేర్పాడు నాకు. సీట్లోంచి లేవకు. ఇంకేదీ ముట్టుకోకు."

నొక్కాను. వైపర్లు పడుకున్నాయి. మూత మూసుకుంది. బ్రేకు వదిలింది. కారు నిట్టూర్చి చక్రాల మీద తేలింది.

"వెనకవైపు ఇంకా బ్రష్షు తగల్లేదుగా?"

"లేదు. ముందువరకే."

"అమ్మయ్య. అలాగే బయటికి తెచ్చెయ్. వెనక ముట్టుకోనివ్వకు" అని పెట్టేసింది.

ఎందుకో అడగాలి. మనిషన్నవాడు అడుగుతాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. ముందు సగం తెల్లగా, వెనక సగం ఎర్రగా. సగం గడ్డం గీసుకుని చావుకి వెళ్ళినట్టుంటుంది, రాస్ నవ్విపోతాడు.

"షార్లీన్, మిగతాది కూడా కానివ్వమ్మా" అన్నాను.

తిరిగొచ్చి గరాజు ముందు దిగి, తళతళలాడే కారు పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. వైపరు ఒకటి వంకరపోయింది గానీ ఒకవైపు నుంచి చూస్తే తెలియదు.

లాఫ్టీ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. వెనక అద్దం దగ్గర ఆగి టోపీ తీశాడు. నా పెళ్ళిలో కూడా తియ్యని టోపీ.

"కడిగేశావురా?"

"ఏం? బాగాలేదా?"

"క్లారీ రాసింది ఇక్కడేగా ఉండేది."

అప్పుడు గుర్తొచ్చింది. వెనక అద్దం దుమ్ములో ఎవరో 'నన్ను కడుగు' అని రాసి పెట్టారు. మురికి కారు కనపడితే మా ఊళ్ళో పోకిరీ కుర్రాళ్ళంతా రాసేదే కదా అనుకున్నాను.

"కుర్రాళ్ళు కాదురా. చివరిసారి ఆసుపత్రికి వెళ్తూ క్లారీయే రాశాడు. కారు పట్టుకుని నిలబడి, రాసి, మెరిలిన్ వంక చూసి కన్ను కొట్టాడు. నేను ఈ గోడ దగ్గరే ఉన్నాను. మళ్ళీ ఇంటికి రాలేదుగా. పాపం, రోజూ ఆ పిల్ల గరాజులోకి వెళ్ళేది దాన్ని చూసుకోవడానికే."

నాకు కాళ్ళకింద నేల లేదు. ఉంది, కానీ అదంతా కారులోంచి కారిన నీళ్ళే.

"ఏం చేస్తావు?" అన్నాడు లాఫ్టీ.

"చీకటి పడేలోపు ఆవిడ రాదు. దుమ్ముకేం కరువు?"

"ఒరే, ఆ పిల్లతో చెప్పెయ్యరా. నిజం..."

నేను అప్పటికే స్టీరింగుకి పొట్ట అప్పగించాను. "శుభ మధ్యాహ్నం, క్లారీ." ఊరవతల మట్టిరోడ్డు మీద అటూ ఇటూ తోలాను. గొర్రెలు తలెత్తి చూశాయి, ఈ పెద్దమనిషికి గమ్యం లేదా అన్నట్టు. ఒక విషయంలో దేవుడు దయ తలిచాడు, దుమ్మెప్పుడూ వెనక అద్దం మీదే పడుతుంది. చక్కగా పట్టాక దిగి, చూపుడు వేలు తుడుచుకుని, ముసలాయన చేతిలా కాస్త వణికిస్తూ రాశాను. 'నన్ను కడుగు.'

రాశాక నాకే ఏడుపొచ్చింది. దుమ్ము.

మర్నాడు పొద్దున్న అందరూ మా వాకిట్లో చేరారు. రాస్ నల్లకోటులో చెమటలు కక్కుతున్నాడు. లాఫ్టీ టోపీ చేతిలో పట్టుకున్నాడు, అందువల్ల ఇంకా పొట్టిగా ఉన్నాడు. నేను కారు వెనకభాగానికి కాపలా కాస్తున్నాను.

"ఇదేంటి బావా, ముందంతా తెల్లగా ఉంది, వెనక మురికి? నాన్న కారుకి ఇదేనా మర్యాద?" అన్నాడు రాస్.

అప్పుడు మెరిలిన్ బయటికొచ్చింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో స్పాంజి.

"నేనే ఆపాను, రాస్. చివరిసారి నాన్న నన్నడిగిన పని ఇదొక్కటే. అద్దం మీద రాసి మరీ అడిగాడు. కడిగేస్తే ఆయన చేతిరాత పోతుందని ఇన్నాళ్ళూ మనసు రాలేదు. ఇవాళ ఆయన్ని సాగనంపేముందు నా చేత్తో కడుగుదామని ఉంచాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. కడిగేస్తుంది! ఒక్క స్పాంజి దెబ్బకి నా నేరమంతా బకెట్టులోకి. జేబురుమాలు తీసి కళ్ళు కూడా ఒత్తుకున్నాను, సందర్భానికి తగ్గట్టు.

మెరిలిన్ అద్దం ముందు వంగింది. స్పాంజి ఎత్తింది. ఆగింది. దగ్గరికి జరిగి అక్షరాలు చూసింది.

"నాన్నకి చూపుడు వేలు ఎప్పుడు మొలిచింది, డెస్?"

గనిలో పనికి కుదిరిన కొత్తల్లోనే, మావగారి కుడి చూపుడు వేలు బండకింద ఉండిపోయింది. ఊరందరికీ తెలుసు, రాసేటప్పుడు నాకే తట్టలేదు. అప్పట్నించీ ఆయన ఏది చూపించినా, ఏది రాసినా బొటనవేలితోనే. ఈ గోడంత లావు అక్షరాలు. నావి చూస్తే చీమలు నడిచినట్టున్నాయి.

లాఫ్టీ టోపీ పెట్టుకుని దాన్ని కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"అదీ... గాలికి..." అన్నాను.

"గాలికి స్పెల్లింగు వచ్చా?" అంది మెరిలిన్. జేబులోంచి ఫోను తీసి అందరికీ చూపించింది. "నిన్న క్లారీ రెండుసార్లు బయలుదేరారు. ఒకసారి స్నానానికి. ఇంకోసారి మట్టిరోడ్డు మీద షికారుకి, అటూ ఇటూ, అటూ ఇటూ. రెండోసారి మోగినప్పుడే పోయిందని అర్థమైంది. వచ్చి చెబుతావేమోనని రాత్రంతా చూశాను."

నా దగ్గర మిగిలిందల్లా ఒక్కటే. "కడగకుండా ముట్టుకోకు అన్నావుగా! అందుకే..."

"ఏమన్నానూ?"

"కడగకుండా..."

మెరిలిన్ బకెట్టు కింద పెట్టింది. అందరివైపు తిరిగింది. "వినండి. నేనన్నది 'అడగకుండా ముట్టుకోకు' అని. ఈయన విన్నది 'కడగకుండా' అని. సరే, చెవిది పొరపాటే అనుకుందాం. మరి ఫోనులో 'వెనక ముట్టుకోనివ్వకు' అన్నానే, అది ఏమని వినపడింది?"

చెప్పడానికి నా దగ్గర ఒక్క 'క' కూడా లేదు. "సారీ, మెరిలిన్" అన్నాను. అది సరిగానే పలికాను.

ఆవిడ చాలాసేపు ఆ చీమల అక్షరాల్ని చూస్తూ నిలబడింది. ఆయన బొటనవేలి రాత ఇంక ఎక్కడా లేదు. నేనెంత మట్టి తోలినా రాదు. ఆ సంగతి ఆ వాకిట్లో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ నవ్వలేదు.

చివరికి స్పాంజి ముంచింది. "కడగమనడం నాన్నదే. మురికి నీది. నాకు పని మిగిల్చావు, అంతవరకు నయం" అంది. ముందు నా రాత తుడిచింది. తర్వాత కారంతా మెల్లగా, అంగుళం అంగుళం, తోమింది. రాస్ కోటు విప్పి చక్రాలు అందుకున్నాడు. నాకు నీళ్ళు మార్చే ఉద్యోగం ఇచ్చారు.

బయలుదేరేటప్పుడు మావగారిని పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టారు. మెరిలిన్ స్టీరింగు ముందు కూచుంది. సీటు జరిగి, జరిగి, ఆగింది. సరిగ్గా సరిపోయింది. తండ్రి కొలతే ఆవిడది. ఇన్నాళ్ళూ నేను గమనించనే లేదు.

"శుభోదయం, క్లారీ" అంది కారు.

"శుభోదయం" అంది మెరిలిన్.

వెనక సీట్లో రాస్‌కీ లాఫ్టీకీ మధ్య ఇరుక్కున్నాను. నిన్నటి నురగ ఇంకా ఆరలేదు, కిందనుంచి చల్లగా పట్టుకుంటోంది. ఊపిరాడక ముందుకి వంగాను.

"మెరిలిన్, కాస్త అద్దం దించుకోనా?"

అద్దంలోంచి నన్ను చూసింది. కళ్ళెర్రగానే ఉన్నాయి. మూతి కొసన మాత్రం ఏదో కదిలింది.

"చూశారా, అడగడం వచ్చు ఈయనకి" అంది అందరితో. "దించుకో."