రెండో అంతస్తులో సముద్రతీరం

వరంగల్‌కు సముద్రం లేకపోవడం కేవలం పరిపాలనా లోపమనీ, దాన్ని ఇంటింటికీ సరిచేయడం నాగరిక సమాజం బాధ్యత అనీ అలలిల్లు ఇంటీరియర్స్ సంస్థ తీర్మానించింది. ఆ లోపాన్ని మొట్టమొదట సరిచేయించుకున్నవాడు రాజేష్. హనుమకొండలో లిఫ్టు లేని అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. అతని తండ్రి ప్రభుదాసు రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ముప్పై నాలుగేళ్లు బస్సుల్లో జనాన్ని సర్దిన మనిషి. హాల్లో తెల్ల సోఫాలు, నీలం చారల దిండ్లు, గోడకు తెడ్డు (పడవ లేదు), గాజు సీసాలో ఇసుక అన్నీ చూసి, "మంచిగనే ఉన్నది బిడ్డా, మరి కూసునేదెక్కడ?" అని మాత్రం అడిగాడు.

కూర్చోవద్దని ఎవరూ అనలేదు. ఆ అలంకరణ పేరే 'తీరికైన తీరం'. కాకపోతే ఆ తీరిక చెదరకుండా చూసేందుకు ఒక యాప్, యాప్‌లో నలభై రెండు నియమాలు, నియమాల మీద శేఖర్ అనే తీర విశ్రాంతి అధికారి ఉన్నారు. తొంభయ్యో రోజున ఆయన తనిఖీ చేసి ధ్రువపత్రం ఇస్తారు. ఆలోగా తెల్లగుడ్డ మీద మరక పడితే పదేళ్ల వారంటీ రద్దు. (మరకలంటే ఏమిటో అనుబంధం-3లో వివరించారు: టీ, పసుపు, నూనె, చిన్నపిల్లలు.)

చిక్కెక్కడ వచ్చిందంటే, ప్రభుదాసు భార్య హన్నాకు మోకాలి ఆపరేషన్ అయింది. దవాఖాన నుంచి వచ్చిన రోజు చర్చివాళ్లు ఎనిమిది మంది వంతులేసుకుని ఆమెను కుర్చీతో సహా పైకి మోశారు. ఆమె లేచి నడిచిన నాడు ఇంట్లోనే కృతజ్ఞతా ప్రార్థన కూటం పెడతానని ప్రభుదాసు అందరి ముందూ మాటిచ్చాడు. ఇప్పుడామె గది నుంచి గుమ్మం దాకా నడుస్తోంది. మెట్లు మాత్రం అప్పుడే దిగొద్దని డాక్టరు చెప్పాడు. కూటమంటే నలభై మంది, నేల మీద జంపఖానాలు, చివర్లో బగారన్నం. ఇచ్చిన మాట గుర్తొస్తే చాలు, ఆయనకు ముద్ద దిగడం లేదు.

కోడలు ప్రియాంక మంచి పిల్ల. "ఫికర్ చెయ్యకుండ్రి మామయ్యా, యాప్‌ల అడుగుదాం," అని దరఖాస్తు పెట్టింది. సందర్శకుల సంఖ్య అన్న గడిలో నలభై అని నింపగానే యాప్, "మీరు ఓడరేవు తెరుస్తున్నారా?" అని అడిగింది. మూడు రోజులకు ఉత్తర్వులు వెలువడ్డాయి. ఆరుగురికి అనుమతి. అందరూ లేత రంగు బట్టలే వేసుకోవాలి. పాటలు అలల చప్పుడును మించరాదు. బగారన్నానికి బదులు కొబ్బరినీళ్లు సిఫారసు చేయడమైనది.

ప్రభుదాసు శేఖర్‌కు ఫోన్ చేశాడు. "సార్, మా ఆమెను మోసుకొచ్చిన ఎనిమిది మందినే రావద్దని ఎట్ల చెప్పాలె?"

"మోసినోళ్లు ఎనిమిది మందే కద సార్. అండ్ల ఆరుగురికి ఇచ్చినం," అన్నాడు శేఖర్ ఎంతో మర్యాదగా. "ఆ ఇద్దరికి జర మీరే చెప్పుండ్రి."

ఆ ఇద్దరెవరో తేల్చుకోలేక ప్రభుదాసు రెండు రోజులు కుమిలిపోయాడు. మూడో రోజు కండక్టరు బుర్ర పనిచేసింది. శనివారం సాయంత్రం గుమ్మం బయట హన్నాకు కుర్చీ వేశాడు. మెట్టుకు ఇద్దరు చొప్పున పై నుంచి కింది దాకా అందరినీ కూర్చోబెట్టాడు. "జరుగుండ్రి, జర జరుగుండ్రి," అని అలవాటు కొద్దీ కేకేశాడు కూడా. చర్చిలో వాయించే యాకయ్య డోలక్ అందుకున్నాడు. హన్నా పాడుతూనే ఏడ్చింది. ప్రభుదాసు కూడా ఏడ్చాడు, దాచుకోవాలనిపించలేదు.

వడ్డన మొదలయ్యే వేళకు శేఖర్ తనిఖీకి వచ్చాడు (అది తొంభయ్యో రోజన్న సంగతి యాప్ తప్ప అందరూ మరిచిపోయారు). బగారన్నం పళ్లేలు దాటుకుంటూ, మెట్టుకోసారి సారీ చెబుతూ పైకెక్కి, హన్నాకు నమస్కారం పెట్టి, లోపలికి పోయి తలుపేసుకున్నాడు. పావుగంటకు ప్రియాంక ఫోన్ మోగింది. వచ్చిన ధ్రువపత్రాన్ని ఆమె అందరికీ వినబడేలా చదివింది. నూటికి నూరు మార్కులు.

"ఈ ఇంట్లో మనుషులు ఉంటున్న జాడ ఎక్కడా కనబడలేదు. కుటుంబ సభ్యులందరికీ అభినందనలు."