ఉత్తమ తుపాను గృహం

ముందుగా పాఠకులు నన్ను క్షమించాలి. నాకు అక్షరాలు మనవలు పుట్టాక వచ్చాయి. ఒత్తులు ఒక్కోసారి జారి పక్క అక్షరం కింద పడతాయి. చెయ్యి కూడా నెమ్మది. పోయిన తుపాను గురించి మొదలుపెడితే, ముగించేలోగా ఇంకోటి వచ్చేలా ఉంది.

మా కాలనీ సంక్షేమ సంఘం వారు ఈ ఏడు తుపానును ఘనంగా ఎదుర్కోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. జాగ్రత్తపడమని చెబితే జనం వినరు, పోటీ పెడితే ప్రాణాలైనా ఇస్తారని అధ్యక్షులవారి అనుభవం. అందుచేత ‘ఉత్తమ తుపాను గృహం’ అనే పోటీ ప్రకటించారు. గెలిచినవారికి గుమ్మం పక్కన బిగించుకోవడానికి ఇత్తడి ఫలకం. తుపాను బుధవారం వస్తుందని రేడియో చెప్పింది. తనిఖీ మంగళవారం సాయంత్రమని సంఘం చెప్పింది.

మా అబ్బాయి ఆ సంఘానికి కార్యదర్శి. కిందటేడు ‘ఉత్తమ పూలతోట’ ఫలకాన్ని ఎదురింటి కాంట్రాక్టరు తన్నుకుపోయాడు. అప్పట్నుంచి మావాడు ఆ గుమ్మం కంటపడకుండా తల తిప్పుకుని వీధి దాటడం నేర్చుకున్నాడు.

మా ఇంట్లో కిటికీలు లేని గది ఒకటే ఉంది. నాలుగు వైపులా మందపాటి గోడలు, పైన గట్టి శ్లాబు. నా మంచం అందులో ఉండేది కాబట్టి దాన్ని ‘అమ్మ గది’ అనేవారు. సంఘం నియమావళి వచ్చిన పూటే అది ‘సురక్షిత గది’ అయింది. నా మంచం పెరట్లోని రేకుల గదికి బదిలీ అయింది.

"రెండ్రోజులేగా అమ్మా," అన్నాడు మావాడు.

"ఆ రెండ్రోజుల్లోనేగా నాయనా తుపాను," అన్నాను.

"తనిఖీ అవగానే లోపలికి తెచ్చేస్తాంగా. నీ మంచం ఉంటే అది సురక్షిత గదిలా ఉంటుందా చెప్పు? ఎవరో ఉంటున్న గదిలా ఉంటుంది."

"మరి ఆ రేకుల మీదికి వాలిన కొమ్మ సంగతేమిటి? కొట్టించకూడదూ?"

"కమిటీ పెరట్లోకి రాదమ్మా. దానికి మార్కుల్లేవు."

మార్కులున్న కొమ్మలన్నీ మాత్రం శ్రద్ధగా కత్తిరించారు. వీధి గేటు పక్కన మొక్కలు బంతుల్లా గుండ్రంగా తయారయ్యాయి. హాల్లో కిటికీ అద్దాలకు మా కోడలు టేపుతో తామరపువ్వులు వేసింది. ఎదురింటి కాంట్రాక్టరు ఇసుక బస్తాలకు కర్టెన్ల రంగులోనే గలీబులు కుట్టించాడని తెలిసి ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు.

సురక్షిత గదిలో టార్చిలైట్లు, కొవ్వొత్తులు, తాళ్ళ చుట్టలు, మందుల పెట్టె, మంచినీళ్ళ సీసాలు, రేడియో మెట్లు మెట్లుగా అమర్చి, అన్నిటికీ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు.

"అత్తయ్యా, ఆ బిస్కెట్ల వంక అలా చూడకండి," అంది కోడలు. "అవి ఆపదలో తినేవి."

"ఆపదొస్తే నాకూ పెడతావుగా?"

"ముందు ఫోటో అవనివ్వండి."

ఇంత ఏర్పాటు జరిగాక, సంఘాన్ని సంప్రదించకుండా, తుపాను మంగళవారం పొద్దున్నే వచ్చేసింది.

కరెంటు పోయింది. రేకుల గది సంచిలో గోలీల్లా గలగలలాడుతుంటే నేను తడిసి ముద్దయి ఇంట్లోకి వచ్చాను. హాల్లో మావాడూ కోడలూ చీకట్లో సోఫా మీద కూర్చుని ఉన్నారు. పక్క గదిలో టార్చిలైట్లు క్షేమంగా ఉన్నాయి. వంటింట్లో నీళ్ళ ఫిల్టరు ఆగిపోయింది.

"ఒక్క సీసా తీస్తేనో?" అన్నాడు మావాడు, పెదాలు తడుపుకుంటూ.

"తీశాక ఆ కాగితం మళ్ళీ అంత నున్నగా అతకదండీ," అంది కోడలు. ఆమె ముందుచూపును మనసులోనే మెచ్చుకుని, నేను రిబ్బను ముందు చతికిలబడ్డాను.

మధ్యాహ్నానికి గాలి ఠక్కున ఆగింది. ఎండ కూడా కాసింది. అది తుపాను కన్నేననీ, మిగతా సగం వెనకాలే వస్తోందనీ, ఎవరూ బయటికి రావద్దనీ రేడియోలో గొంతు చించుకున్నారని తర్వాత తెలిసింది. మా కాలనీలో రేడియోలన్నీ సెల్లోఫేన్‌లో ఉన్నాయి.

తుపాను అయిపోయిందనుకుని, సాయంత్రం దాకా ఆగకుండానే, అధ్యక్షులవారు సిల్కు కండువాతో, వెనక ఫోటోగ్రాఫరుతో తనిఖీకి వేంచేశారు. మొట్టమొదట మా ఇంటికే వచ్చారు. మావాడి మొహం వెలిగిపోయింది. అంతలో నన్ను చూసి ఆరిపోయింది.

"అమ్మా, కాసేపు నీ గదికి వెళ్ళు," అన్నాడు నా చెవిలో. "తడిచీరతో ఇక్కడ కూర్చుంటే మన జాగ్రత్తల మీద ఆయనకు అనుమానం రాదూ?"

వెళ్ళాల్సిందే. కాని పెరటి తలుపు దగ్గర నా చెప్పు ఒకటి కనపడలేదు. దాన్ని వెతుకుతుండగా హాల్లో ఉపన్యాసం మొదలైంది.

"సోదర సోదరీమణులారా," అన్నారు అధ్యక్షులవారు, ఉన్న ముగ్గురినీ ఉద్దేశించి. "ఈ తుపాను మనల్ని ఏమీ చేయలేక తలవంచి వెళ్ళిపోయింది. కారణమేమిటి? క్రమశిక్షణ. ఈ చారిత్రక సందర్భంలో..."

సందర్భం అక్కడ ఉండగానే అటువైపు నుంచి గాలి విరుచుకుపడింది. తామరపువ్వులు అద్దాలతో సహా హాల్లోకి వచ్చాయి. పెరట్లో ఫెళ్ళుమంది. మార్కుల్లేని కొమ్మ రేకుల గది మీద పడింది. నా మంచం కాళ్ళు చాపి నేలకు అంటుకుపోయింది. నేను ఒంటి చెప్పుతో తలుపు పట్టుకుని చూస్తున్నాను.

"అమ్మా!" అంటూ మావాడు పరుగెత్తుకొచ్చాడు. నేను గుమ్మంలోనే ఉన్నానని చూసి కూడా ఇంకోసారి పిలిచాడు. చిన్నప్పుడు బజారులో పట్టుకున్నంత గట్టిగా నా చెయ్యి పట్టుకుని, రిబ్బను వంక చూడకుండా తెంపేసి, నన్ను లోపలికి లాక్కుపోయాడు. కోడలు మా వెనకే వచ్చింది.

అధ్యక్షులవారు అప్పటికే లోపలున్నారు. రిబ్బను చెక్కుచెదరకుండా కింది నుంచి దూరారు. అనుభవమంటే అదీ. ఫోటోగ్రాఫరు కూడా ఆయన్నే అనుసరించాడు.

గాలి తగ్గేదాకా మేమందరం ఆ కొవ్వొత్తులు వెలిగించుకుని, ఆ నీళ్ళు తాగి, ఆ బిస్కెట్లు తిన్నాం. ఎక్కువ భాగం అధ్యక్షులవారే తిని ప్రోత్సహించారు. మావాడు నా చెయ్యి మాత్రం వదల్లేదు.

తర్వాత ఫలితాలు వచ్చాయి. రిబ్బను లాంఛనంగా కత్తిరించనందుకు, ఆపద సామగ్రిని ఆపదలో వాడి పాడుచేసినందుకు మా ఇంటికి మార్కులు తగ్గాయి. ఎదురింటి వాళ్ళు గలీబులు తడిపేశారు. కాలనీ మొత్తంలో ఒక్క సీసా మూత కూడా తియ్యకుండా తుపానును ఎదుర్కొన్న ఇల్లు ఒకటే తేలింది. అది అధ్యక్షులవారిది. ఆ సమయంలో ఆయన మా ఇంట్లో ఉన్నారు. ఫలకాన్ని ఆయనే ఇచ్చి, ఆయనే పుచ్చుకున్నారు. మేమందరం చప్పట్లు కొట్టాం.

అయితే నా ఉదంతం విని సంఘం వారు చలించిపోయారు. నియమావళిని సవరించారు. ఇకమీదట సురక్షిత గదిలో ఒక ముసలామె ఉంటే అదనపు మార్కులు. ఇవాళ పొద్దున సముద్రంలో మళ్ళీ వాయుగుండం పుట్టిందనగానే కాలనీలో పెద్దవాళ్ళ మీద ప్రేమ పొంగింది. ఎదురింటి కాంట్రాక్టరు ఎన్నేళ్ళుగానో పలకరించని అత్తగారిని కారు పంపి తెప్పించాడు. మూలింటావిడ మా కోడలి దగ్గరికొచ్చి, "మీ అత్తయ్యగారిని తనిఖీ పూటకి ఓసారి ఇస్తారా?" అని అడిగింది. ఇవ్వనంది కోడలు. నాకు కళ్ళు చెమర్చాయి.

నాకు కొత్త మంచం, గంజిపెట్టిన చీర వచ్చాయి. ఫోటో అయ్యేదాకా ఇస్త్రీ నలక్కుండా కూర్చోమన్నారు. అందుకే ఇంతకన్నా వంగి రాయలేను.

ఇట్లు,
పెరటి మామ్మ,
వయసు డెబ్బై రెండు,
ప్రస్తుత నివాసం: సురక్షిత గది, పై మెట్టు, టార్చిలైట్లకు కుడిపక్క.
తనిఖీ అయ్యేవరకు తాకరాదు.